తరగని సీసా

మజీదా ఇంట్లో అన్నీ అయిపోయేవి. బియ్యం అయిపోయేది, గ్యాస్ అయిపోయేది, మొగుడు దస్తగీర్ ఓపిక అయితే పెళ్లయిన ఏడాదిలోనే అయిపోయింది. అయిపోనిది ఒక్కటే, వంటింటి గూట్లో ఉన్న సీసా.

అది ఒకప్పటి షర్బత్ సీసా. పైన అంటించిన కాగితం ఎప్పుడో ఊడిపోయింది. అందులో ఉన్నవి దమ్ చేసిన నీళ్లు. బార్కస్ అవతలి దర్గాలో ఒక పెద్దాయన దువా చదివి ఊదిచ్చిన నీళ్లు. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు ఊదుతున్నాడు కానీ, తండ్రి ఊపిరి తండ్రిదే, కొడుకు ఊపిరి కొడుకుదే అని మజీదా లెక్క. అందుకే ఆ పాత నీళ్లనే కాపాడుకుంటూ వచ్చింది. కాపాడడమంటే దాచిపెట్టడం కాదు. ఇంటిల్లిపాదీ తాగగా సీసా సగానికి వచ్చినప్పుడు బిస్మిల్లా అని నల్లా నీళ్లు పోసి మళ్లీ మెడదాకా నింపడం. తోడు వేసిన పాలు తెల్లారేసరికి కుండంతా పెరుగైనట్టు, కొత్త నీళ్లు పాత నీళ్లలో కలిసి అవీ దువా నీళ్లే అవుతాయి. ఆ గల్లీలో ఇది కొత్త సంగతేమీ కాదు. హజ్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన గుక్కెడు జమ్‌జమ్‌ను ఇలాగే ఏళ్ల తరబడి సాగదీసిన ఇళ్లు చాలా ఉన్నాయి.

సీసాకు కట్టుబాట్లు ఉన్నాయి. దాన్ని ఖాళీ చేయకూడదు. దువా చదివిన నీళ్లు మోరీలో పారబోస్తే బేఅదబీ, వాటికి చేసిన అమర్యాద, అంతకంటే పాపం లేదు. నీళ్లు అయిపోయాయన్న మాట నోటితో అనకూడదు. ఖాళీయే చేయకూడదన్నప్పుడు ఇక కడగడమన్న మాటెక్కడిది? ఆ నీళ్లు మనల్ని కడగాలి గాని, మనం వాటిని కడగడమేమిటి?

పక్కింటి రమాబాయి, తన మనవడు దడుచుకున్నా వాడికి ఒళ్లు వెచ్చబడినా, గిన్నె పట్టుకుని వచ్చేది. రమాబాయి మడి మనిషి. ముప్పై ఏళ్లుగా గోడకు గోడ ఆనుకుని ఉన్నా మజీదా ఇంట్లో చాయ్ ముట్టింది లేదు. ఆ నీళ్ల దగ్గర మాత్రం పట్టింపు లేదు. "జ్వరానికి లేని మడి నాకెందుకు అక్కా" అనేది. ఈ మాట మజీదాకు ఎంత ఇష్టమంటే, వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేది.

ఇక ఉజైర్ సంగతి. మజీదాకు వాడొక్కడే కొడుకు. మలక్‌పేటలో ఏసీలు బిగించే పని. పని నేర్చిన రోజుల్లో చేతిలో పానా, నోట్లో పాట తప్ప వేరే ధ్యాస లేని పిల్లవాడు. ఒకనాడు గోడ మీద నుంచి జారి నడుం మీద పడ్డాడు. నొప్పికి ఎవరో మాత్రలిచ్చారు. నొప్పి పోయింది, మాత్ర పోలేదు. మింగే మాత్ర చాలక సూదిలోకి దిగాడు. అప్పటినుంచి ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కాయే. చేతులు ఎందుకు కప్పుకుంటున్నాడో తెలియనంత అమాయకురాలు కాదు మజీదా. తిట్టింది, కొట్టింది, తలుపు గొళ్లెం వేసింది, కాళ్లు పట్టుకుంది. డీఅడిక్షన్ అని ఒకచోట చేర్పించింది. వచ్చిన వారానికే వాడు మళ్లీ యాకుత్‌పుర పట్టాల పక్కనున్న పాత కట్టెల డిపోలో తేలాడు.

దస్తగీర్ పద్ధతి వేరు. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి తూకం వేసే మనిషి, కాంటా ఎటు మొగ్గితే అటే. కొడుకుతో మాట్లాడడం మానేశాడు. చెప్పాల్సింది ఉంటే గోడకు చెప్పేవాడు. "వాని కాళ్లు తియ్యమను, నేను పోవాలె" అని గోడతో అనేవాడు. ఉజైర్ కాళ్లు తీసేవాడు. సీసా అన్నా దస్తగీర్‌కు గురి లేదు. "నీళ్లతోటి బాగయ్యేటట్టుంటే దునియాల దవాఖాన్లెందుకు" అని ఎగతాళి చేసేవాడు. "నీ మిర్చి కోరు నోటికి దువా విలువ ఏం తెలుస్తది" అని మజీదా కూడా ఊరుకునేది కాదు.

ప్రతి పొద్దునా నమాజు అయ్యాక చిన్న కప్పుతో ఆ నీళ్లు కొడుకు నోటికి అందించేది. వాడు ఏం చేసినా, ఎంత మత్తులో ఉన్నా, ఆ కప్పు మాత్రం కాదనేవాడు కాదు. లేచి కూర్చుని, తల మీద చేతిరుమాలు కప్పుకుని, బిస్మిల్లా అని మూడు గుక్కల్లో తాగేవాడు. ఆ మూడు గుక్కల మీదే మజీదా బతుకుతోంది.

ఈమధ్య ఇంకో వింత జరిగింది. సీసాలో నీళ్లు తొందరగా తగ్గసాగాయి. ఇదివరకు వారం దాటితే గాని సగానికి రాని సీసా, ఇప్పుడు శుక్రవారం నింపితే సోమవారానికే అడుగు కనిపిస్తోంది. మజీదా మొదట రమాబాయిని అనుమానించింది. తరవాత ఒకనాడు బట్టలు ఆరేసి లోపలికి వస్తుంటే ఉజైర్ గూటి దగ్గర నిలబడి సీసా మూత పెడుతూ కనిపించాడు.

"నీళ్లు నువ్వే తీస్తున్నవా బేటా?"

వాడు ఉలిక్కిపడ్డాడు. దొంగతనం దొరికినవాడిలా ఒక్క క్షణం ముఖం పాలిపోయింది. "ఔ అమ్మీ" అన్నాడు తలదించుకుని. "గవి ఉంటే భయమనిపియ్యది."

మజీదా వాడి నుదురు ముద్దు పెట్టుకుంది. అడగకుండానే తాగుతున్నాడు! కప్పు అందించకపోయినా, తనంతట తానే! వెంటనే గోడ అవతలికి వెళ్లి రమాబాయికి చెప్పింది. "అల్లా వాని దిల్ తిప్పిండు రమాబాయీ. నీళ్లు పని చేస్తున్నయ్" అని కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి సీసా తగ్గితే ఆమెకు పండగే. తగ్గిన ప్రతిసారీ ఆనందంగా నల్లా తిప్పి, బిస్మిల్లా అని నింపేది.

ఉజైర్‌కు జ్వరం వానలు మొదలయ్యాక వచ్చింది. సాయంత్రమయితే చలి, పళ్లు టకటకమని కొట్టుకునేవి. సూది దొరకనప్పుడు కూడా ఇలాగే వణుకుతాడు కనుక, మానేస్తున్నాడేమో, లోపలి విషం బయటికి పోతోందేమో అని మజీదా సంబరపడింది. ఆశపడ్డ మనిషికి ఏ గుర్తయినా మంచి గుర్తే. గల్లీ చివర క్లినిక్ ఆయన రెండు రంగుల గోలీలిచ్చాడు. ఒక పూట తగ్గినట్టే తగ్గి, జ్వరం మళ్లీ రెండింతలై కూర్చుంది.

ఆ తరవాత కన్ను. "అమ్మీ, కంట్ల నల్ల దారాలు ఈదుతున్నయ్" అన్నాడు ఉజైర్. కుడికన్ను ఎర్రబడింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎవరో పోల్చుకోలేకపోయాడు. ఆ మాట విన్న దస్తగీర్ మిర్చి కోరు అంటిన తన చొక్కాను తీసుకెళ్లి ఇంటి బయట తీగ మీద వేశాడు. సబ్బు పెట్టి చేతులు మళ్లీ మళ్లీ కడుక్కున్నాడు. తన ఒంటి మీద కారమే కొడుకు కంట్లో పడిందేమోనని అతని భయం. కొడుకుతో మాట్లాడని మనిషి ఆ రోజు నుంచి పని నుంచి రాగానే బయటే స్నానం చేసి లోపలికి రావడం మొదలుపెట్టాడు.

మజీదా శుభ్రమైన గుడ్డ తడిపి ఆ కన్ను కడిగింది. ఏ నీళ్లతోనో చెప్పాల్సిన పని లేదు.

ఒక మధ్యాహ్నం ఉజైర్ లేవబోయి పడిపోయాడు. దస్తగీర్ వాణ్ని చేతుల మీద ఎత్తుకుని గల్లీ మొదటిదాకా పరుగెత్తి ఆటో ఆపాడు. ఆటోలో కొడుకు తల ఒళ్లో పెట్టుకుని మొదటిసారి నేరుగా మాట్లాడాడు. "ఏం కాదు బేటా, ఏం కాదు" అంటూనే ఉన్నాడు పెద్దాసుపత్రి వచ్చేదాకా. వాడికి వినిపించిందో లేదో తెలియదు.

ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. ఎక్కడ తీయాలో నర్సుకు నరం దొరకలేదు. ఉజైరే మెడ దగ్గర ఒకటి చూపించాడు, సిగ్గుపడుతూ. కొన్నాళ్లు గడిచాక అభిజ్ఞ అనే కుర్ర డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చుని మాట్లాడే డాక్టరు అంటే మంచి వార్త తెచ్చినదైనా కావాలి, చెడ్డ వార్త తెచ్చినదైనా కావాలి. ఆమె ముఖం చూస్తే ఏ వార్తో తెలిసిపోతోంది.

"అమ్మా, రొట్టె నాలుగు రోజులు ఉంచితే బూజు పడుతది చూడు. గట్లాంటి బూజు జాతిదే ఒకటి మీ అబ్బాయి రక్తంల పెరుగుతున్నది. గదే కంట్లకు పోయింది, గుండె కవాటం మీద కూడా కూసుంది. మామూలు జ్వరం గోలీలు దానికి పని చెయ్యవు. వేరే మందు మొదలుపెట్టినం."

"రక్తంల బూజేంది బేటీ? రక్తం పారుతనే ఉంటది కద?" అంది మజీదా.

"సూదితోటి లోపలికి పోయిందమ్మా." డాక్టరమ్మ ఉజైర్ వైపు తిరిగింది. "ఉజైర్, నిన్నేం అనను. నిజం చెప్పు. మాత్రల పొడిల ఏ నీళ్లు కలిపిండ్రు?"

ఉజైర్ మంచి కన్ను తల్లి వైపు తిరిగింది. ఒక్క క్షణమే. "నల్లా నీళ్లు" అన్నాడు. "పట్టాల పక్క నల్లా."

"నీతోటి ఇంకెవరన్న గవే నీళ్లు వాడిండ్రా? వాళ్లకు కూడా రావచ్చు, తొందరగ పట్టుకుంటే బతుకుతరు. అందుకే అడుగుతున్న."

"ఎవ్వరు లేరు" అని కళ్లు మూసుకున్నాడు.

మజీదా ఆ పట్టాల పక్క నల్లాను కడుపారా శపించింది. మున్సిపాలిటీ వాళ్లను శపించింది. కొడుకు దోస్తులను పేరుపేరునా శపించింది. శపించడానికి ఎవరో ఒకరు దొరికితే మనిషికి కాస్త ఊపిరాడుతుంది.

ఆ శాపం తగిలినవాళ్లలో మొదటివాడు తారిక్. వెనక గల్లీలో ఉంటాడు. ఉజైర్‌తో కలిసి బడికి వెళ్లినవాడు, కలిసే ఏసీల పనిలో చేరినవాడు, కలిసే చెడ్డవాడు. ఇద్దరిలో ఎవరు ఎవర్ని చెడగొట్టారన్నది ఆ రెండు ఇళ్ల మధ్య తెగని పంచాయతీ. ఒక రోజు వాడు ఆసుపత్రి వరండాలో స్తంభం చాటున నిలబడి ఉన్నాడు. మజీదా వాడి మీద పడి రెండు చేతులతో కొట్టింది. వాడు కొట్టించుకున్నాడు. అప్పుడు చూసింది ఆమె, వాడి ఎడమకన్ను ఎర్రగా ఉంది. ఒళ్లు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది.

"ఖాలా, నన్ను తర్వాత కొట్టు" అన్నాడు తారిక్. "నాకొక సాయం చెయ్యి. మీ ఇంట్ల సీసా ఉన్నది కద, జర నీళ్లియ్యి. నాక్కూడా ఉజైర్ లెక్కనే అయితున్నది. వాడేమో దవాఖాన్ల పడె, నీళ్లు తెచ్చెటోళ్లు లేరు."

"తెచ్చుడేంది?"

"నీకు తెల్వదా?" వాడు అయోమయంగా చూశాడు. "మొన్న ఎండాకాలంల మా దోస్తు డానియేలు చెయ్యి కుళ్లి చచ్చిపోయిండు ఖాలా. మోరీ పక్క నీళ్లు కలుపుకున్నందుకే గట్లయిందన్నరు. అప్పటి సంది ఉజైర్ మమ్మల్ని గా నీళ్లు ముట్టనియ్యలే. చిన్న సీసల ఇంటి నుంచి తెచ్చెటోడు, అందరికి పోసెటోడు. 'మా అమ్మీ నీళ్లు, పాక్ నీళ్లు. దువా చదివినయ్. వీటితోటి ఎక్కిస్తే మనకేం కాదు' అంటుండె. మాకు గదే ధైర్యం."

మజీదా అక్కడే వరండా నేల మీద కూర్చుండిపోయింది.

ఎవరో తాగడానికి నీళ్లిచ్చారు. ఆ గ్లాసు వైపు చూసి పక్కకు తోసేసింది. ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. గూటి దగ్గర పాలిపోయిన ముఖం. గవి ఉంటే భయమనిపియ్యది. తగ్గిన సీసా, తను పడ్డ సంబరం, రమాబాయితో చెప్పుకున్న గొప్పలు. కొడుకు బాగుపడుతున్నాడని తను నింపిన ప్రతి సీసా ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. డాక్టరమ్మ అడిగినప్పుడు వాడి కన్ను తన వైపు ఎందుకు తిరిగిందో కూడా తెలిసింది. ఒంట్లో ప్రాణం ఉందో లేదో తెలియని స్థితిలో, వాడు తల్లి కోసం అబద్ధమాడాడు. పట్టాల పక్క నల్లా ఏ పాపమూ ఎరగదు.

ఇంటికి వెళ్లి సీసా దించింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకు పెట్టి చూసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు. దువా నీళ్లను పరీక్షగా చూస్తారా ఎవరైనా? అడుగున తెల్లటి తెర ఒకటి ఉంది. కదిపితే మెల్లగా లేచి, మెల్లగా కూర్చుంది. మూత లోపల వేలు పెడితే జిగురు తగిలింది. ఊరగాయ జాడీకి ఇలా ఉంటే తనే నాలుగు తిట్లు తిట్టి ఎండలో బోర్లించేది. పచ్చడి జాడీ మీద పెట్టిన చూపు ఈ సీసా మీద పెట్టలేదు. తోడు వేసినట్టే అయింది. కొత్త నీళ్లన్నీ పాత నీళ్లయ్యాయి.

"అక్కా, మా పిల్లగాడు మళ్ల దడుసుకున్నడు. జరన్ని నీళ్లు..." రమాబాయి గిన్నెతో గుమ్మంలో ఉంది.

మజీదా సీసాను పైట కింద దాచింది. "ఇయ్యను పో" అంది.

"ఏంది?"

"ఇయ్యనన్న కద! పిల్లగాన్ని దవాఖానకు తీస్కపో."

రమాబాయి ముఖం చిన్నబోయింది. ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగులో అలాంటి మాట ఎన్నడూ వినలేదు. ఖాళీ గిన్నెతో వెళ్లిపోయింది. మజీదాకు కారణం చెప్పాలనే ఉంది. నోరు రాలేదు. నా నీళ్లే నా కొడుకును తింటున్నాయని ఏ తల్లి ఏ నోటితో చెబుతుంది?

కానీ తారిక్ వరండాలో ఉన్నాడు. తొందరగా పట్టుకుంటే బతుకుతారని డాక్టరమ్మ అంది. చెప్పకపోతే వాడు నీళ్ల కోసమే ఎదురుచూస్తూ చస్తాడు. చెబితే, ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి ఉజైర్ చెవిన పడుతుంది. వాడు దాచింది ఒక్కటే విషయం, అదీ వట్టిపోతుంది. మజీదా అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది. చివరికి బురఖా వేసుకుని, సీసాను గుడ్డలో చుట్టి, చంకలో పెట్టుకుని బయలుదేరింది.

తారిక్ రెక్క పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి తీసుకెళ్లింది. బల్ల మీద సీసా పెట్టింది.

"గివే నీళ్లు బేటీ" అంది. "నల్లా కాదు, మోరీ కాదు. మా ఇంటియి. దువా చదివించి తెచ్చిన. ఏండ్ల సంది కడగకుంట నింపుకుంట వస్తున్న. వీడు కూడా గవే ఎక్కించుకున్నడు. జల్ది చూడు వీన్ని."

డాక్టరమ్మ సీసాను చూసింది, తల్లిని చూసింది. ఆమె వయసు చిన్నదే గాని మనసు పెద్దది. "తాగితే ఏం కాకపోవునమ్మా" అంది మెల్లగా. "కడుపు తట్టుకుంటది. నెత్తురు తట్టుకోదు." తారిక్‌ను ఆ గంటలోనే చేర్చుకున్నారు. సీసాను పరీక్షకు పంపారు. అందులో ఉన్నదీ అదే బూజని తరవాత తేలింది.

"ఒక్క మాట బేటీ" అంది మజీదా వెళ్తూ వెళ్తూ. "నాకు తెల్సిందని మా వానికి చెప్పకు. నల్లా అనే ఉండనియ్యి."

"చెప్పనమ్మా."

అక్కడితో ఆగలేదు. తారిక్ చెప్పిన గుర్తులు పట్టుకుని, పట్టపగలు, పట్టాల వెంట నడిచి కట్టెల డిపోకు వెళ్లింది. కొడుకు ఏ చోటుకు పోతున్నాడో ఎవరైనా చూస్తే పరువు పోతుందని ఇన్నాళ్లూ ఆ వైపు తల తిప్పని మనిషి. రేకుల కింద ముగ్గురున్నారు. బురఖాలో ఆడమనిషిని చూసి ఒకడు లేచి పరుగెత్తాడు. మిగిలిన ఇద్దరికి పరుగెత్తే ఓపిక లేదు.

"నేను ఉజైర్ అమ్మీని" అంది. "మీ దగ్గర మా ఇంటి నీళ్లు ఇంకా ఉన్నయా?"

ఒకడు దిండు కింది నుంచి దగ్గు మందు సీసా తీశాడు. ఎంత భద్రంగా దాచుకున్నాడో, మూతకు గుడ్డ కూడా కట్టాడు. మజీదా అది లాక్కుని, మూత విప్పి, పట్టాల పక్క మోరీలో వంచేసింది. బేఅదబీ అయితే అయిందనుకుంది. అల్లాకు నా మీద కోపం రావాలంటే ఇంతకంటే పెద్ద కారణాలున్నాయనుకుంది. తరవాత ఆ ఇద్దరినీ ఆటో ఎక్కించింది. ఒకడు మలుపులో దిగి తప్పించుకున్నాడు. ఒకడు మాత్రం వచ్చాడు.

బూజుకు ఎక్కించే మందు ఒళ్లంతా కుదిపేస్తుంది. మందు ఎక్కినంతసేపూ ఉజైర్ మంచం చప్పుడు చేసేది. కంట్లోకి కూడా సూదితోనే మందు వేశారు. వాడు కదలకుండా పడుకున్నాడు. సూదికి భయపడేవాడు కాదు కదా. గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు, చేసే బలం ఒంట్లో లేదన్నారు. రెండు మాటలూ ఒకే డాక్టరు ఒకే ఊపిరిలో చెప్పాడు.

ఒక సాయంత్రం వాడికి కాస్త తెలివి వచ్చింది. దస్తగీర్ కాళ్ల దగ్గర కూర్చుని కొడుకు పాదాలు పిసుకుతున్నాడు. కాళ్లు తియ్యమను అన్న మనిషే.

"అమ్మీ, నీళ్లు" అన్నాడు ఉజైర్.

మజీదా కాచి చల్లార్చి తెచ్చిన నీళ్లు స్టీలు గ్లాసులో పోసింది.

"సీసలయేనా?"

కాదంటే ఎందుకు కాదని అడుగుతాడు. "ఆఁ, సీసలయే" అంది.

వాడు మంచి కన్నుతో గ్లాసు వైపు చూశాడు. ఆ నీళ్లు ఏం చేశాయో వాడికి తెలుసు. తెలిసీ ముఖంలో బెదురు కనపడనివ్వలేదు. బెదిరితే అమ్మీకి అనుమానం వస్తుంది. తల పైకెత్తబోతే చేతకాలేదు. మజీదా తన కొంగు తీసి వాడి తల మీద కప్పింది. బిస్మిల్లా అని పెదాలు కదిపాడు. మూడు గుక్కల్లో తాగాడు. మూడో గుక్క పెదవి చివర నుంచి దిండు మీదికి జారింది.

"మంచిగున్నయ్ అమ్మీ" అన్నాడు.

ఇద్దరూ ఒకరి కోసం ఒకరు అబద్ధమాడారు. మధ్యలో కూర్చున్న దస్తగీర్‌కు అదేమీ తెలియదు. "చూసినవా, నీళ్లు తాగినంక మొకం తేటబడ్డది" అన్నాడు ఆశగా. ఎన్నడూ నమ్మని మనిషి ఆ రోజే నమ్మడం మొదలుపెట్టాడు. మజీదా గ్లాసు కడగడానికి బయటికి వెళ్లి, నల్లా శబ్దం చాటున గుండె పగిలేలా ఏడ్చింది.

మర్నాడు పొద్దునకు ఉజైర్‌కు మాట పడిపోయింది. గుండెలోని గడ్డ ఒకటి విడిపోయి మెదడుకు పోయిందన్నారు. పొద్దు వాలుతుండగా, అసర్ అజాన్ వేళకు ప్రాణం పోయింది.

ఇంటి ముందు టెంటు వేశారు. కోపం మరిచి రమాబాయి వచ్చి మజీదాను పట్టుకుని కూర్చుంది. తారిక్ ఆసుపత్రి నుంచి వచ్చాడు, చేతికి సూది గొట్టం అలాగే ఉంది. ఎడమకన్ను సగమే మిగిలిందట, ప్రాణం మాత్రం దక్కుతుందన్నారట. జనాజా పాడెకు భుజం పట్టే ఓపిక లేక పక్కన నడవడానికి నిలబడ్డాడు. వాడి తల్లి మజీదా చేతులు పట్టుకుని ఏడుపు ఆపుకోలేకపోయింది.

జనాజా లేవబోతుండగా దస్తగీర్ మజీదా ఉన్న వంటింట్లోకి వచ్చాడు. పూడ్చి మట్టి కప్పాక కబర్ మీద నీళ్లు చల్లుతారు. గూటి దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టాడు. అక్కడ గుండ్రటి మరక తప్ప ఏమీ లేదు.

"సీస ఏది మజీదా?" అన్నాడు. గొంతు జీరపోయి ఉంది. "వానికి గా నీళ్లంటే పాణం కద. నేనెన్నడు నమ్మలే, నాదే తప్పు. కబర్ మీద గవే చల్లుత. ఇయ్యి."

మజీదా మొగుడి ముఖంలోకి చూసింది. ఈ మనిషికి ఇప్పుడు మిగిలింది ఆ ఒక్క నమ్మకం. దాన్ని కూడా లాక్కునే ధైర్యం ఆమెకు లేదు. అలాగని ఆ నీళ్లు కొడుకు మీద ఇంకో చుక్క పడడం కూడా ఆమె భరించలేదు.

"లేవు" అంది.

"లేకపోవుడేంది? గవి ఎన్నడు..."

"అయిపోయినయ్."

ఆ ఇంట్లో ఆ సీసా గురించి ఆ మాట ఎవరూ ఎన్నడూ అనలేదు. దస్తగీర్ మూలనున్న బిందె తీసుకుని, లోపల చెయ్యి పెట్టి రుద్ది కడిగి, నల్లా కింద పెట్టాడు.